నివురుగప్పిన నిప్పు: పురుగుల ఇంటి కుంపటి మన ఒంటికి చేసే చేటు



చలి ముదిరింది. శిడ్లఘట్ట, చింతామణి, కోలారు వైపు గానీ, హొసూరు, డెంకణికోట వైపు గానీ పొద్దుగూకితే పురుగుల ఇంట్లో వేడి నిలవడం లేదు. చాకీ పురుగుకి 27, 28 డిగ్రీల వేడి కావాలి, తేమ 85 శాతం దాకా ఉండాలి. బయట చూస్తే చలి కొరికేస్తోంది. అందుకని కిటికీలకి గోనెపట్టలు కడతాం, తలుపు సందుల్లో పాత బట్టలు కుక్కుతాం, మధ్యలో బొగ్గుల కుంపటి పెడతాం. రాత్రి చివరి మేత వేసి మళ్ళీ తెల్లారుజామున మేతకి లేవాలి కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు అక్కడే చాప వేసుకుని పడుకుంటారు.

ఈసారి ఆ చాప మీద పడుకున్న మనిషి గురించి మాట్లాడుకుందాం. ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్త వింటూనే ఉన్నాం. విని "పొగ కమ్మి ఊపిరాడలేదంట" అనుకుని వదిలేస్తాం. చాలాసార్లు అక్కడ కంటికి కనబడే పొగ ఉండదు. ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. పడుకున్నవాడిని నిద్ర లేపే గుణం ఒక్కటీ దానికి లేదు.

*ఇది ఎక్కడినుంచి వస్తుంది?*

కట్టె, బొగ్గు, పిడక, ఊక, పెట్రోలు, డీజిలు, గ్యాసు, వీటిలో ఏది కాలినా గాలి చాలినంత అందకపోతే ఈ వాయువు పుడుతుంది. బొగ్గులో ఇది మరీ ఎక్కువ. కట్టె మండేటప్పుడు పొగ వస్తుంది, కళ్ళు మండుతాయి, మనమే తలుపు తీస్తాం. బొగ్గు ఎర్రగా కణకణలాడుతుంటే పొగ ఉండదు కాబట్టి "ఇది మంచి నిప్పు, ఏమీ చెయ్యదు" అనుకుంటాం. రాత్రంతా నిలవాలని పైన బూడిద కప్పుతాం. బూడిద కప్పితే నిప్పుకి గాలి ఇంకా తగ్గుతుంది, ఈ వాయువు ఇంకా పెరుగుతుంది. నివురుగప్పిన నిప్పు అని పెద్దలు ఊరికే అనలేదు.

చిన్న లెక్క చూడండి. ఒక కిలో బొగ్గు కాలితే సుమారు 200 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. 20 అడుగుల పొడుగు, 18 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న చాకీ గదిలో గాలి అస్సలు మారకపోతే ఆ ఒక్క కిలో చాలు, గదిలో ఈ వాయువు పది లక్షల భాగాల గాలికి 1,600 భాగాలు దాటుతుంది. దీన్నే 1,600 పీపీఎం అంటారు. అంత గాఢతలో 20 నిమిషాల్లో తలనొప్పి, వాంతి మొదలవుతాయి, గంట అటూ ఇటూగా ప్రాణం పోవచ్చు. 200 పీపీఎం ఉన్నా రెండు మూడు గంటల్లో తల పట్టేస్తుంది. మన గదులకి ఎంతో కొంత సందులు ఉంటాయి కాబట్టి నిజంగా అంత చేరకపోవచ్చు. కానీ మనం కూర్చుని గోనెపట్టలతో మూసేది ఆ సందుల్నే.

కుంపటి ఒక్కటే అనుకోవద్దు. కరెంటు పోయిందని జనరేటరు షెడ్డు లోపలో, వరండాలోనో పెట్టి నడిపినా ఇదే వాయువు. పొగగొట్టం లేని గ్యాసు హీటరు అయినా ఇదే. రీలింగ్ చేసే ఇళ్ళల్లో పొయ్యి పొగగొట్టం మసితో పూడుకుపోయినా ఇదే.

*రక్తంలో ఏం జరుగుతుంది?*

మన రక్తం ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ వల్ల. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువుని ఎక్కించుకుని ఒళ్ళంతా తిరిగి దించి రావడం దాని పని. కార్బన్ మోనాక్సైడ్ ఈ హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ దొంగ ప్రయాణికులు ఆక్రమించి దిగనని కూర్చున్నట్టు ఉంటుంది. అసలు ప్రయాణికులు స్టాండులో నిలబడే ఉంటారు. అంటే గాలిలో ప్రాణవాయువు ఉన్నా ఒంటికి అందదు.

దీనికి తోడు ఇంకో కీడు. కొద్దిగా ఎక్కిన ప్రాణవాయువుని కూడా హిమోగ్లోబిన్ అంత సులభంగా దించదు. గుండె కండరంలోనూ, ఒంట్లోని కణాల లోపలా కూడా ఈ వాయువు దూరి వాటి పని ఆపుతుంది. అందుకే రక్తం ఎక్కువ కావాల్సిన మెదడు, గుండె రెండూ ముందు దెబ్బతింటాయి.

*"పురుగులు బాగానే ఉన్నాయి కదా" అనుకోవద్దు*

మా గుంపులో చాలామంది అడిగే మాట ఇది. "గాలి చెడితే ముందు పురుగే కదా చచ్చేది, పురుగు మేత తింటుంటే మనకేం?" ఈ మాట సరికాదు.

వెనకటికి ఇంగ్లండు బొగ్గు గనుల్లో కూలీలు కేనరీ అనే చిన్న పిట్టల్ని పంజరంలో లోపలికి తీసుకుపోయేవాళ్ళు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో ఈ వాయువుని తానే పీల్చి చూసి, చిన్న ప్రాణులకి ఇది మనిషికంటే ముందే ఎక్కుతుందని చెప్పాడు. పిట్ట కిందపడితే మనుషులు బయటికి పరుగెత్తేవాళ్ళు. 1986 దాకా బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలు ఉండేవి. పిట్ట రక్తంలో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆ కిటుకు పనిచేసింది.

పట్టుపురుగు సంగతి వేరు. దాని ఒంటి పక్కల వరసగా నల్లచుక్కలు కనిపిస్తాయి చూడండి, ఒక్కో పక్క తొమ్మిది. అవి దాని ముక్కుపుటాలు. వాటినుంచి సన్నని గొట్టాలు ఒంట్లో ప్రతి మూలకీ పోయి గాలిని నేరుగా అందిస్తాయి. దాని రక్తంలో హిమోగ్లోబిన్ లేదు. కాబట్టి మనిషిని పడేసే మోతాదు పురుగుని అంత తొందరగా పడెయ్యదు. పురుగు హాయిగా ఆకు కొరుకుతున్న గదిలోనే మనిషి స్పృహ తప్పవచ్చు. పురుగుని చూసి మన ప్రాణానికి భరోసా పెట్టుకోవద్దు.

*లక్షణాలు ఎలా వస్తాయి?*

మొదట తల బరువు, నుదురు, కణతల దగ్గర నొప్పి. తర్వాత తల తిరగడం, వికారం, వాంతి. కాళ్ళలో సత్తువ పోవడం. చాలామంది "లేద్దామనుకున్నాం, కాళ్ళు రాలేదు" అంటారు. ఆపైన మాట తడబడుతుంది, ఏం చేస్తున్నామో తెలియదు, గుండె దడ, ఆయాసం, ఛాతీ నొప్పి, చివరికి స్పృహ పోవడం, ఫిట్స్.

ఇవన్నీ చూసి పైత్యమనీ, తిన్నది పడలేదనీ, జలుబు జ్వరమనీ పొరబడతాం. పోల్చుకోవడానికి నాలుగు గుర్తులు:

1. జ్వరం ఉండదు, తలనొప్పి మాత్రం గట్టిగా ఉంటుంది.
2. ఆ గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి వస్తుంది.
3. బయట గాలికి పోతే తగ్గుతుంది, లోపలికి వస్తే మళ్ళీ మొదలవుతుంది.
4. కుంపటో, జనరేటరో, పొయ్యో దగ్గర్లో ఉంటుంది.

మనిషి ఒళ్ళు ఎర్రబడుతుందని కొందరు చెప్తారు. బతికున్నవాళ్ళలో అది అరుదు. ఎర్రగా లేడు కాబట్టి ఇది కాదు అనుకోవద్దు.

ఒకే గదిలో ఉన్నా అందరికీ ఒకేలా ఎక్కదు. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళు ముందు పడిపోతారు. అందరికంటే ఎక్కువ ముప్పు గర్భిణికి. కడుపులో బిడ్డ రక్తం ఈ వాయువుని తల్లి రక్తం కంటే గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తల్లికి కాస్త తలనొప్పి వచ్చి పోయినా లోపల బిడ్డకి ప్రాణాపాయం ఉండవచ్చు. గర్భిణి చాకీ గదిలో కుంపటి దగ్గర ఉండి తల తిరిగిందంటే తగ్గిపోయింది కదా అని ఇంట్లో ఉంచెయ్యకండి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోండి.

*వెంటనే ఏం చెయ్యాలి?*

తలుపు తీసేటప్పటికి లోపల ఎవరైనా పడి ఉంటే గబగబా దూరి అక్కడే కూర్చుని లేపడానికి చూడవద్దు. కాపాడబోయినవాళ్ళు కూడా పడిపోతారు. బయట గట్టిగా ఊపిరి పట్టుకుని తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, మనిషిని ఈడ్చుకుని బయట గాలికి తెచ్చెయ్యండి. కుంపటి సంగతి తర్వాత.

108కి ఫోను చెయ్యండి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, ఎక్కడైనా ఇదే నంబరు. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి వైద్యం దారిలోనే మొదలవుతుంది.

స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. మజ్జిగ పొయ్యడం, నిమ్మకాయ పిండడం, ఉల్లిపాయ వాసన చూపించడం వద్దు. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గదిలో ఉన్న మిగతావాళ్ళు "మాకేం లేదు" అన్నా వాళ్ళనీ చూపించాలి.

*ఆస్పత్రిలో చెప్పాల్సిన మాట*

కన్నడంలో చెప్తారో, తమిళంలో చెప్తారో, ఒరియాలో చెప్తారో, డాక్టరుకి ఈ మూడు సంగతులు మొట్టమొదట చెప్పండి: మూసిన గదిలో బొగ్గు కాలింది, ఇంతసేపు లోపల ఉన్నారు, స్పృహ తప్పారు లేదా తప్పలేదు. ఇది చెప్పకపోతే పక్షవాతమనో, మందు తాగాడనో, తిండి పడలేదనో వేరే దారిలో పోయే ప్రమాదం ఉంది.

కరోనా రోజుల్లో వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు చాలా ఇళ్ళల్లో కొన్నారు. దాన్ని ఇక్కడ నమ్మవద్దు. మామూలు మీటరుకి ప్రాణవాయువు ఎక్కిన రక్తానికీ, ఈ విషం ఎక్కిన రక్తానికీ తేడా తెలియదు. మనిషి చావు అంచున ఉన్నా 97, 98 చూపించవచ్చు. సరైన పరీక్ష రక్తం తీసి కార్బాక్సీహిమోగ్లోబిన్ ఎంతుందో చూడడం. పొగ తాగనివాళ్ళలో అది సాధారణంగా 3 శాతం లోపు ఉంటుంది, బీడీ సిగరెట్టు తాగేవాళ్ళలో 10 శాతం దాకా ఉండవచ్చు. ఇంకో విషయం, దారిలో ఆక్సిజన్ పెట్టినా, ఆస్పత్రికి చేరడం ఆలస్యమైనా ఆ అంకె తగ్గిపోయి ఉంటుంది. అంకె తక్కువ వచ్చినంత మాత్రాన దెబ్బ తక్కువని కాదు.

వైద్యం ఆక్సిజనే. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. గట్టిగా బిగించిన మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. పెద్ద ఊళ్ళల్లో కొన్నిచోట్ల ఒత్తిడి గదిలో ఆక్సిజన్ ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, అందులో అరగంట లోపే సగమవుతుంది. స్పృహ తప్పినవాళ్ళకి, గుండె దెబ్బతిన్నవాళ్ళకి, గర్భిణులకి అది అవసరమా అని డాక్టర్లు ఆలోచిస్తారు. "లేచి కూర్చున్నాడు, ఇంక మాస్కు తీసెయ్యండి, ఇంటికి పోతాం, రేపు గూళ్ళు విప్పాలి" అని తొందర పెట్టకండి. లక్షణాలు పూర్తిగా పోయేదాకా మాస్కు ఉండాలి.

*తర్వాత వచ్చే చిక్కులు*

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. మనిషి బతికి బయటపడితే గండం గడిచిందనుకుంటాం. కొందరికి అక్కడినుంచే ఇంకో కష్టం మొదలవుతుంది.

గుండె: ఛాతీ నొప్పి లేకపోయినా గుండె కండరం దెబ్బతిని ఉండవచ్చు. గుండె లయ తప్పవచ్చు, గుండెపోటు రావచ్చు. అందుకే ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. అప్పుడు గుండె దెబ్బతిన్నవాళ్ళకి తర్వాతి ఏళ్ళలో కూడా ముప్పు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఏడాదికోసారైనా చూపించుకోవాలి.

కండరాలు, మూత్రపిండాలు: స్పృహ లేకుండా గంటల తరబడి ఒకే పక్కన పడి ఉంటే ఆ పక్క కండరాలు నలిగి కరిగిపోతాయి. ఆ వ్యర్థం రక్తంలో కలిసి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. మూత్రం కాఫీ రంగులో వచ్చినా, తగ్గిపోయినా వెంటనే చెప్పాలి.

ఊపిరితిత్తులు: నీరు చేరవచ్చు, వాంతి లోపలికి పోయి న్యుమోనియా రావచ్చు.

మెదడు: అన్నిటికంటే మోసం చేసేది ఇది. మనిషి లేచి, తిని, తిరిగి, తోటకి పోయి ఆకు కోస్తూ బాగానే ఉంటాడు. ఆ తర్వాత రెండు రోజులకి గానీ, రెండు మూడు వారాలకి గానీ, నలభై రోజుల లోపు ఎప్పుడైనా గానీ మార్పు మొదలవుతుంది. చెప్పింది మరిచిపోతాడు. మేత వేశాడో లేదో గుర్తుండదు. గూళ్ళ లెక్కలో తడబడతాడు. ఊరికే కోపం, లేదా దేని మీదా ఆసక్తి లేకుండా శూన్యంలోకి చూస్తూ కూర్చోవడం. అడుగులు చిన్నవై కాళ్ళీడ్చి నడవడం, చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం. తెలియకుండా మూత్రం పోవడం. మెదడు లోపల కదలికల్ని నడిపించే భాగమూ, నరాల మీది పొరా దెబ్బతినడం వల్ల ఇలా జరుగుతుంది.

ఇది చూసి గాలి సోకిందనీ, చేతబడి అనీ, తాగుడు ఎక్కువైందనీ అనుకునే ఇళ్ళు ఉన్నాయి. నెల కిందటి కుంపటికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. మీరు గుర్తుపెట్టుకోండి. స్పృహ తప్పినవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఒకరు నలభై రోజుల పాటు వాళ్ళ మాట, నడక, మతిమరుపు గమనిస్తూ ఉండాలి. తేడా కనబడితే నరాల డాక్టరుకి చూపించి పాత ఆస్పత్రి కాగితాలు ముందు పెట్టాలి. చాలామంది నెలల్లో, ఏడాది లోపు కోలుకుంటారు. కొందరికి కొంత లోటు మిగిలిపోతుంది. ఆ నలభై రోజులు కష్టమైన పని, ఎండలో పెద్ద తిరుగుడు, బీడీ, సారా మానిపించండి. ట్రాక్టరు, బైకు నడపడానికి డాక్టరు సరే అనేదాకా పంపకండి.

*మరి వేడి ఎలా?*

పంట పోగొట్టుకోమని మేము చెప్పడం లేదు. చాకీ గదికి థర్మోస్టాటు ఉన్న కరెంటు హీటరు అన్నిటికంటే మేలు, ఈ వాయువు పుట్టదు. సొంతంగా చాకీ చెయ్యడం కష్టమైతే చలికాలం రెండు నెలలు చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగుని తెచ్చుకోండి. పెద్ద పురుగుకి 24, 25 డిగ్రీలు చాలు, అంత వేడి అక్కర్లేదు.

బొగ్గు తప్పదు అనుకుంటే ఇవి పాటించండి:

1. కుంపటి బయట ముట్టించి, బొగ్గు పూర్తిగా రగిలాకే లోపలికి తేవాలి. దీనివల్ల విషం తగ్గుతుంది తప్ప పోదు.
2. వేడి పట్టించాక కుంపటి బయటపెట్టి, తలుపు తీసి గాలి మారనిచ్చి, ఆ తర్వాతే లోపలికి పోయి మేత వెయ్యాలి.
3. కింద ఒక కిటికీ, పైన ఎదురుగా ఒక కిటికీ జానెడైనా తెరిచి ఉంచాలి. ఈ వాయువు గాలితో దాదాపు సమాన బరువు, గది అంతా కలిసిపోతుంది. మంచం మీద పడుకున్నా, నేల మీద పడుకున్నా తేడా లేదు.
4. పక్కన నీళ్ళ గిన్నె పెట్టినా, తడి గోనె కట్టినా తేమ వస్తుంది గానీ ఈ వాయువు పోదు.
5. కుంపటి ఉన్న గదిలో ఎవరూ పడుకోకూడదు. ఇది ఒక్కటీ ఎలాంటి మినహాయింపూ లేని మాట. చాప వరండాలో వేసుకోండి, మేత వేళకి ఫోనులో అలారం పెట్టుకోండి.
6. జనరేటరు షెడ్డుకి దూరంగా, పొగ గాలివాటున లోపలికి రాని పక్క ఉండాలి.
7. కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరికితే ఒకటి పెట్టుకోండి. మామూలు పొగ అలారం దీన్ని పట్టదు.

గాలి మారడం పురుగుకీ మంచిదే. మూసిన గదిలో పెంట నుంచి వచ్చే అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు పేరుకుని పురుగు మేత తగ్గిస్తుంది, రోగానికి దారి ఇస్తుంది. కిటికీ జానెడు తెరిచినందుకు ఒక డిగ్రీ వేడి తగ్గి జ్వరం కొన్ని గంటలు ఆలస్యమైతే అవ్వనివ్వండి. ఒక పంట పోతే నలభై రోజుల్లో ఇంకో పంట తీస్తాం.

ఇది చదివినవాళ్ళు ఇంట్లో ఫోను చూడని అమ్మలకి, అత్తలకి, షెడ్డులో పడుకునే కూలివాళ్ళకి చదివి వినిపించండి. చాకీ గదిలో ఎక్కువసేపు ఉండేది వాళ్ళే. పక్క ఊరి పట్టు రైతులకి కూడా పంపండి. మీ షెడ్డులో కుంపటి లేకుండా వేడి నిలబెట్టే ఉపాయం ఏదైనా ఉంటే మాకు రాయండి, వచ్చే సంచికలో అందరికీ చెప్తాం.